ఎండాకాలంలో ఎండని నాలా

హైదరాబాద్ మహానగరంలో వాననీటి కాల్వలు, డ్రైనేజీ లైన్లు, చెరువులు చూసుకునే ఇంజినీర్లకు, అధికారులకు,

నమస్కారం.

మీరంతా ఒకే ఆఫీసులో కూర్చోరని తెలుసు. కాల్వ ఒకరిది, దాని పక్కనే భూమిలో పోయే మురుగు పైపు ఇంకొకరిది, చెరువు మరొకరిది. చెరువు కట్ట మీద వేసిన రోడ్డు ఎవరిదో ఆ రోడ్డుకే తెలియాలి. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఒక్కరి పేరున రాస్తే ‘మా పరిధి కాదు’ అని పక్క ఆఫీసుకు తోసేస్తారేమోనన్న అనుమానం కూడా ఉంది, అబద్ధమెందుకు.

నేను ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఒక చెరువు కింద ఉన్న కాలనీలో ఇల్లు కట్టుకుని ఇరవై రెండేళ్లవుతోంది. మా వెనక వీధిని ఆనుకుని నాలా పోతుంది. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లను కింది చెరువుకు చేర్చడానికి ఏ కాలంలోనో తవ్విన కాల్వ అది. ఇప్పుడు దానికి రెండు పక్కలా కాంక్రీటు గోడలు, కొంత దూరం పైన స్లాబు. బోర్డు మీద ‘వరదనీటి కాల్వ’ అని రాసి ఉంది.

పోయిన ఏప్రిల్‌లో మా దగ్గర చుక్క వాన పడలేదు. మా బోరు గంట పోస్తే రెండు గంటలు ఆగేది. వీధిలోకి రోజుకు నాలుగు ట్యాంకర్లు వచ్చేవి. నాలా మాత్రం పిక్కల్లోతు పారుతూనే ఉంది, నల్లగా, నింపాదిగా. వాన లేని నెలలో వాన కాల్వలో పారేదేమిటని ఆరో తరగతి పిల్లవాణ్ని అడిగినా ముక్కు మూసుకుని చెప్తాడు.

నా ఉత్తరమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఎండాకాలంలో నాలా ఎండాలి. ఎండటం లేదంటే దాన్ని మూత లేని డ్రైనేజీ అనాలి. ఎన్ని కోట్లు పోసి వెడల్పు చేసినా వెడల్పాటి డ్రైనేజీయే అవుతుంది.

ఏటా జూన్ నుంచి అక్టోబరు దాకా మీరు ముంపు గురించి మాట్లాడతారు. మిగతా నెలల్లో కాలుష్యం గురించి మాట్లాడతారు. రెండింటికీ వేర్వేరు మీటింగులు, వేర్వేరు టెండర్లు. ఇన్నేళ్లు నాలా పక్కన కాపురం చేశాక నాకు మాత్రం రెండూ ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి.

ఎందుకంటే, మనవి గొలుసుకట్టు చెరువులు. పూర్వం ఎండాకాలం వచ్చేసరికి చెరువు అడుగంటేది. ఒండ్రుమట్టిని బండ్ల మీద పొలాలకు తోలుకునేవాళ్లు. జూన్‌లో మొదటి పెద్దవాన పడితే ఖాళీ చెరువు దాన్ని తాపీగా మింగేది. నిండాకే మత్తడి దుంకేది, అప్పుడు కింది చెరువు వంతు. అలా పై ఊరి మీద పడిన వాన కిందికి చేరడానికి రోజులు పట్టేది, ఒక్కోసారి వారాలు. ఇప్పుడు మా చెరువు చూడండి. మే నెలలో కూడా కట్ట అంచుదాకా నిండి ఉంటుంది. పైన గుర్రపుడెక్క, కింద మా అందరి బాత్రూముల నీళ్లు. ఇక జూన్ వాన వచ్చేసరికి మింగడానికి చోటెక్కడుంది? వచ్చింది వచ్చినట్టే మత్తడి మీదుగా మా వీధిలోకి దిగుతుంది.

సైన్సు టీచరును కాబట్టి ఒక లెక్క చెప్తాను, ఓపిక పట్టండి. వంద ఎకరాల చెరువులో వానాకాలానికి ముందు ఒక్క మీటరు మేర ఖాళీ ఉంటే అందులో పట్టే నీళ్లు దాదాపు 40 కోట్ల లీటర్లు. ఈమధ్య ఖైరతాబాద్, సోమాజిగూడ వైపు రోడ్ల మీద నీళ్లు నిలిచేచోట భూమిలో లక్షల లీటర్లు పట్టే సంపులు కడుతున్నారు. మంచిదే, రాజ్‌భవన్ రోడ్డులో మోకాళ్లలోతు నీళ్లలో బండి తోసుకుపోయినవాళ్లెవరూ వాటిని వద్దనరు. కానీ పది లక్షల లీటర్ల సంపులు నాలుగు వందలు కడితే గానీ ఆ ఒక్క చెరువులోని ఒక్క మీటరు ఖాళీకి సాటిరావు. ఆ ఖాళీని మనం మురుగుతో నింపి పెట్టుకున్నాం.

హుస్సేన్‌సాగర్‌దీ ఇదే కథ, కాకపోతే పెద్ద అక్షరాల్లో. కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో కట్టినది. ఒకప్పుడు ఈ నగరం దాని నీళ్లు తాగింది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ అందులోకే వస్తాయి. వానాకాలం వస్తే టీవీలో కింద స్క్రోలింగ్ పోతుంది: పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు, ప్రస్తుతం ఇంత. అది చూస్తూ దిగువన అశోక్‌నగర్, దోమలగూడ జనం టెన్షన్ పడుతుంటారు. కూకట్‌పల్లి నాలాలో మామూలు రోజుల్లో పారే మురుగును సాగర్‌లోకి రాకుండా పక్కకు మళ్లించే ఏర్పాటు ఉంది. వాన కురిసిందా, ఆ ఏర్పాటు చాలదు. వాన, మురుగు కలిసి పొర్లి సాగర్‌లోకే పోతాయి. మళ్లింపు పెట్టాల్సి వచ్చిందంటేనే నాలాలోకి మురుగు రావడం మామూలే అని మనం ఒప్పేసుకున్నట్టు. ఆ ఒప్పుకోలు దగ్గరే నా పేచీ.

ఈ నగరానికి వరద కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన వచ్చి నది గోడ ఎంత ఎత్తు కట్టాలని మొదలుపెట్టలేదు, ఎగువకు పోయి చెరువులు లెక్కపెట్టారు. పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని తేల్చారు. ఒకటి తెగితే దాని నీళ్లు కిందిదాని మీద పడి, అది తెగి, అలా పోగై నగరం మీదికొచ్చిన వరద అది. నీళ్లను పైనే ఆపాలన్నది ఆయన ఆలోచన. దాని ఫలితమే మూసీ మీద 1920 నాటి ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927 నాటి హిమాయత్‌సాగర్. మనం గండిపేట అని పిలుచుకునేది ఆ ఉస్మాన్‌సాగర్‌నే. వరదనాపే కట్టలే తాగునీరూ ఇచ్చాయి. ముంపుకొక ఆఫీసు, మంచినీళ్లకొక ఆఫీసు అని ఆయన ఆలోచించి ఉంటే ఆ రెండు చెరువులు వచ్చేవా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఆ తర్వాతవి మీకు నాకన్నా బాగా తెలుసు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు. ఆ దెబ్బకు కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌ను పెడితే 2003లో నాలాల మాస్టర్ ప్లాన్ వచ్చింది. వెడల్పు చేయాల్సినవి, ఆక్రమణలు తొలగించాల్సినవి అందులో రాశారు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. పల్లెచెరువు, గుర్రం చెరువు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. మళ్లీ 221 చెరువుల కథే, సైజు చిన్నది. మరుసటేడు దాదాపు వెయ్యి కోట్లతో నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదటి దశ మొదలైంది. 2025 సెప్టెంబరు చివర్లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చేసింది.

మీరేమీ చేయలేదని నేను అనడం లేదు. మా నాలాకు గోడలు కట్టాక మా వీధిలో ముంపు తగ్గింది, నిజం. 2020లో మా హాల్లో రెండడుగులు వచ్చాయి, ఆ తర్వాత గడప దాటలేదు. కానీ మాకు గోడలు కట్టిన ఏడాదే కింది కాలనీలో ముంపు పెరిగింది. ఎందుకంటే మా దగ్గర వెడల్పయిన నాలా వాళ్ల దగ్గర వెడల్పు కాలేదు. ఇక్కడ వేగంగా పోయినవి అక్కడ ఆగాయి. వాళ్ల హాల్లోకి వచ్చినవి వట్టి వాననీళ్లయితే తుడుచుకుని ఊరుకునేవాళ్లు. అందులో మా కాలనీ మొత్తం మురుగు ఉంది. వాళ్ల మంచినీళ్ల సంపుల్లోకి పోయింది. నెల రోజులు పిల్లలకు వాంతులు, విరేచనాలు. ముంపు, కాలుష్యం ఒకటే అని నేనంటే నవ్వేవాళ్లు ఆ సంపుల్లోకి ఒకసారి తొంగి చూడాల్సింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ అడిగాడు, “అమ్మా, డాబా పైపు ఎక్కడ కలపమంటారు?” అని. “దగ్గర్లో ఉన్న ఛాంబర్‌లో కలిపెయ్” అన్నాను. దగ్గర్లో ఉన్నది డ్రైనేజీ ఛాంబర్. కలిపేశాడు. మా కాలనీలో అందరి మేస్త్రీలూ అదే అడిగారు, అందరూ అదే చెప్పారు.

మా డాబా పదిహేను వందల చదరపు అడుగులు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 1,400 లీటర్లు. గంటలో ఐదు సెంటీమీటర్లు పడితే 7 వేలు. మా ఇంట్లో నలుగురం రోజంతా కలిపి వాడేది ఆరేడు వందల లీటర్లు. డ్రైనేజీ పైపు వేసింది ఆ ఆరేడు వందల లెక్కకు. దాంట్లోకి గంటలో 7 వేలు కుమ్మరిస్తే ఏమవుతుంది? వీధి చివర మ్యాన్‌హోల్ మూత డోలు వాయించినట్టు ఎగురుతుంది. మురుగు రోడ్డెక్కుతుంది, రోడ్డు మీంచి నాలాలోకి దిగుతుంది. దీనికి తోడు వీధిలో నీళ్లు ఆగితే ఎవరో ఒకరు గడ్డపారతో ఆ మూత తీసేస్తారు, వాననీళ్లు త్వరగా పోవాలని. తీసిన మూత దగ్గర ఎర్రగుడ్డ కట్టిన కర్ర పెట్టేవాళ్లు నూటికొకరు. ఆ గుంతల్లో పడి ఎవరెవరు పోయారో మీ ఫైళ్లలోనే ఉంటుంది.

అలా డ్రైనేజీలోకి వాన పోతోంది, వాన కాల్వలోకి డ్రైనేజీ పోతోంది. రెండూ వేర్వేరుగా ఉన్నాయని కాగితం మీదే. భూమిలో అవి ఎప్పుడో కలిసిపోయాయి.

ఇందులో మీకు వృత్తిపరంగా తగలాల్సిన దెబ్బ ఒకటుంది. నగరంలో మురుగు శుద్ధి కేంద్రాల సామర్థ్యం చాలాకాలం 772 ఎంఎల్‌డీల (రోజుకు సుమారు 77 కోట్ల లీటర్ల) దగ్గర ఆగిపోయింది. 2021లో 3,866 కోట్లతో మరో 31 శుద్ధి కేంద్రాలు (ఎస్టీపీలు), 1,259.5 ఎంఎల్‌డీలు మంజూరయ్యాయి. చిన్న విషయం కాదు, దేశంలో ఏ నగరమైనా ఈర్ష్య పడాల్సిందే. అయితే ప్లాంటు శుద్ధి చేసేది తన దాకా వచ్చిన మురుగునే. నాలాలో పడి పోయేది ప్లాంటు గేటు ముందు నుంచి చెయ్యూపుకుంటూ మూసీకి పోతుంది. దానికి తోడు వానాకాలంలో డాబాల నీళ్లన్నీ లైన్లలోకి వస్తే ప్లాంటుకు తట్టుకోలేనంత నీళ్లు, తిండి మాత్రం పలచన. మురుగు తినే సూక్ష్మజీవులకు పలుచని మజ్జిగ పోసినట్టు. ఎక్కువైంది శుద్ధి కాకుండానే నదిలోకి వదలాలి. 31 ప్లాంట్లు కట్టాక అందులో ఎంత మురుగు వస్తోందన్నది మా వీధి పైపులు సరిచేయడం మీద ఆధారపడి ఉంది. ప్లాంటుకు శంకుస్థాపన ఉంటుంది, ఇంటి వెనక పైపు సరిచేయడానికి ఎవరు కొబ్బరికాయ కొడతారు చెప్పండి.

పరిశ్రమల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే దాని మీద రాయగలిగినవాళ్లు చాలామంది రాశారు. బాలానగర్, జీడిమెట్ల వైపు నుంచి వాన చాటున నాలాల్లోకి వచ్చేదేమిటో అందరికీ తెలుసు. కూకట్‌పల్లి ధరణి నగర్‌లో గట్టి వాన పడితే ఇళ్ల ముందు నిలువెత్తు తెల్లటి నురుగు పేరుకుంటుంది, పిల్లలు దాంట్లో ఆడుకోబోతే తల్లులు రెక్క పట్టి లాగుతారు. వానను సాక్ష్యం చెరిపే చీపురులా వాడుకుంటున్నారు.

పూడిక సంగతీ అంతే. ఏప్రిల్, మే నెలల్లో నాలాలోంచి తీస్తారు, గట్టున పోస్తారు, బిల్లు పెడతారు. జూన్ మొదటివారంలో ఆ గుట్టను వాన తిరిగి నాలాలోకి తోస్తుంది. మా పక్కింటి ఆయన దీనికి ‘పూడిక వార్షికోత్సవం’ అని పేరు పెట్టాడు.

ఇక మా అమ్మ ఊరి గురించి చెప్పాలి. మా పుట్టిల్లు వలిగొండ వైపు, మూసీ ఒడ్డున. కత్వ (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) కింద మాకు రెండెకరాల తరి పొలం. నా చిన్నప్పుడు ఎండాకాలంలో ఏట్లో చెలిమె తవ్వుకుని నీళ్లు తాగేవాళ్లం, ఇసుకలో చేత్తో తోడితే గ్లాసు తెల్లగా నిండేది. ఇప్పుడు ఏరు పన్నెండు నెలలూ పారుతుంది. కత్వ దగ్గర నురుగు గాలికి లేచి చేల మీద పడుతుంది. మా తమ్ముడు నాట్లకు దిగితే మోకాళ్ల దాకా దురదలు. మా అమ్మకు ఎనభై నిండాయి. పోయిన దసరాకు వెళితే అంది: “మీ పట్నపోళ్లు ఏం తింటరో ఏం తాగుతరో మాకు నీళ్ల రంగు జూస్తె ఎర్కయితది బిడ్డా.”

ఆమె అన్నదానికి నేను సిగ్గుపడ్డాను, కానీ అక్కడే ఇంకో మెలిక ఉంది, మీరది వినాలి. మూసీలో నీళ్లు ఆపేయమని మా ఊళ్లో ఎవరూ అడగరు. ఆ నీళ్లతోనే రెండు పంటలు పండుతున్నాయి. ఎగువన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం దగ్గర ఆ మురుగుతోనే పచ్చగడ్డి పెంచి నగరంలోని బర్రెలకు అమ్ముతారు. ఆ పాలు మళ్లీ మన చాయ్‌లోకే వస్తాయి. మా తమ్ముడి మాట ఒక్కటే: “నీళ్లు గావాలె అక్కా, కంపు వద్దు.” మూసీ సుందరీకరణ కోసం మీవాళ్లు 2024లో సియోల్ దాకా పోయి నదులు చూసొచ్చారు. సంతోషం. వీలుచూసుకుని వలిగొండకూ రండి, పట్నం నుంచి బస్సులున్నాయి. కత్వ మీద అరగంట నిలబడితే నగరంలో ఏ నాలా ఎలా ఉందో అక్కడే రిపోర్టు దొరుకుతుంది.

మూసీకి మంచినీళ్లు వదలడానికి గోదావరి జలాలు తెస్తున్నారు. మల్లన్నసాగర్ జలాశయం నుంచి 20 టీఎంసీలు నగరానికి, అందులో 2.5 టీఎంసీలు జంట జలాశయాల ద్వారా మూసీకి అని ప్రకటించారు. తాగునీటికి కావాలి, కాదనను. కానీ నది కడగడానికి ఇంకో నదిని ఎత్తిపోసే ముందు ఈ లెక్క కూడా ఒకసారి చూడండి. పాత గ్రేటర్ హద్దుల్లో నగరం 650 చదరపు కిలోమీటర్లు. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన. గుణిస్తే దాదాపు 18 టీఎంసీలు. అంతా పట్టుకోలేం, ఆవిరయ్యేది ఆవిరవుతుంది, ఇంకేది ఇంకుతుంది. నాలుగో వంతు శుభ్రంగా చెరువుల్లోకి చేరినా 4 టీఎంసీల పైమాటే. ఉస్మాన్‌సాగర్ మొత్తం పట్టేదే 3.9. మన నెత్తిన పడే అంత నీటినీ మురుగులో కలిపి, రెండూ పాడుచేసి, కిందికి తోసేసి, కొత్తనీళ్లకు పైపులు వేస్తున్నాం. మా అమ్మ దీన్ని వింటే ఏమనేదో రాయను, ఇది బహిరంగ లేఖ.

ఇంతకీ ఏం కావాలంటున్నారు అంటారు కదా.

ఏప్రిల్‌లో నాలాల వెంట నడవండి. మిషన్లు, డ్రోన్లు తర్వాత సంగతి. వారం రోజులుగా వాన లేనప్పుడు పొద్దున ఏడింటికి, ఇళ్లలో స్నానాలు, వంటలు జరిగే వేళ, నాలా ఒక చివర నుంచి ఇంకో చివరకు. ఆ సమయంలో ఏ పైపులోంచి నీళ్లు వస్తున్నా అది దొంగ పైపే, దానికి ల్యాబ్ రిపోర్టు కూడా అక్కర్లేదు. ప్రతి పైపుకూ ఒక నంబరు వేయండి, అది ఎక్కడి నుంచి వస్తోందో వెనక్కి వెతకండి, ఆ జాబితా జనం చూసేచోట పెట్టండి. ఏడాది తర్వాత మళ్లీ నడవండి. ఎన్ని మూశారో మేమే లెక్కపెడతాం. పెద్ద పనుల కన్నా ఇది చవక, కాకపోతే ఫొటోలు బాగా రావు.

ఆ జాబితాలో పేదల ఇళ్లు ముందు వస్తాయని, పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్లు వెనక దాక్కుంటాయని నాకు భయం. నాలా గట్టున గుడిసె వేసుకున్నవాడికి డ్రైనేజీ లైనే లేదు, వాడి పైపు కనిపిస్తుంది. ఐదొందల ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ పైపు భూమిలో పోయి రాత్రి రెండింటికి తెరుచుకుంటుంది. లైను వేయకుండా గుడిసె వాడికి నోటీసిస్తే అది అన్యాయం. ముందు లైను, తర్వాత నోటీసు. ఎస్టీపీ ఉందని అనుమతి తీసుకుని కరెంటు బిల్లు భయానికి దాన్ని ఆపేసిన చోట మాత్రం ముందే నోటీసు ఇవ్వొచ్చు.

ఇంకోటి, ఒక నాలాకు ఒక మనిషి. మత్తడి నుంచి మూసీ దాకా, పైన చెరువుతో సహా, కింద మురుగు లైనుతో సహా ఒక ఇంజినీరు చేతిలో పెట్టండి. మా కాలనీ ఫిర్యాదు ఒకటి రెండేళ్లలో మూడు ఆఫీసులు తిరిగి మొదటి ఆఫీసుకే తిరిగొచ్చింది, పెళ్లిపత్రికలా. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ప్రతి ఒక్కరూ మర్యాదగానే మాట్లాడారు, టీ కూడా ఇచ్చారు. పైపు మాత్రం ఎవరిదీ కాలేదు.

నాలా వెడల్పుకు డబ్బు మంజూరు చేసేముందు, దాంట్లో మామూలు రోజు పారే మురుగు ఎక్కడికి మళ్లిస్తున్నారో ఒక కాగితం అడగండి. కాగితం లేకపోతే డబ్బు ఆపండి. చెరువుల దగ్గర జాగ్రత్త, కొన్నిచోట్ల మురుగు రాకుండా వేసిన మళ్లింపు పైపులోనే వాన కూడా పోతోంది, చెరువుకు మురుగూ లేదు, వానా లేదు. ఆ తర్వాత చెరువు ఎండిందని పక్కన ప్లాట్లు మొలుస్తాయి, అది మీకు కొత్త కథ కాదు. కొత్త ఇళ్లకు చివరి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఇంకుడుగుంత ఉందా అని ఎలాగూ అడుగుతున్నారు. మనిషిని డాబా మీదికి ఎక్కించి ఒక బకెట్ రంగునీళ్లు పోయమనండి, అవి ఏ ఛాంబర్‌లో తేలతాయో చూస్తే చాలు.

మొదటి వాన గురించి ఒకటి మర్చిపోయాను. మొదటి పావుగంట రోడ్డు మీంచి వచ్చే నీళ్లలో ఆరు నెలల టైరు పొడి, ఆయిలు, దుమ్ము, కుక్కల పెంట, పాన్ మసాలా కవర్లు అన్నీ ఉంటాయి. మురుగు పైపులన్నీ మూసినా ఈ నీళ్లు మంచివి కావు. ఇవి నేరుగా చెరువులో పడకుండా ముందు ఒక గుంటలో నిలిచి, బురద దిగి, తుంగ మధ్య నుంచి నడిచి పోయేలా చేయాలి. పాతకాలంలో చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్లు పరుచుకునే భూమిలో ఉండే గడ్డి, తుంగ, జమ్ము ఆ పనే చేసేవి. మనం అక్కడ వాకింగ్ ట్రాక్ టైల్స్ వేశాం.

పోయిన మే నెలలో నేను, నా దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లలు, ఇప్పుడు వాళ్లకూ పిల్లలున్నారనుకోండి, మా నాలా వెంట ఆరు వందల మీటర్లు నడిచాం. గమ్‌బూట్లు, సుద్దముక్క, నోట్‌బుక్. నీళ్లు వస్తున్న పైపులు ఇరవై మూడు లెక్కతేలాయి. గోడ మీద నంబర్లు వేశాం. నాలుగోది ఒక హోటల్ వంటగదిది, నూనె జిడ్డు గోడ పట్టి కారుతోంది. పదకొండోది మూడు వీధుల డ్రైనేజీ లైను మొత్తం, లోపల ఎక్కడో విరిగితే తాత్కాలికంగా నాలాలోకి వదిలారట. ఆ తాత్కాలికానికి ఆరేళ్లు. పద్దెనిమిదో పైపులోంచి వేడినీళ్లు వస్తున్నాయి, ఎందుకో అర్థం కాలేదు.

తొమ్మిదో పైపు దగ్గర పిల్లలు నా మొహం చూశారు. అది మా ఇంటి వెనకది. బట్టలుతికే చోట నీళ్లు అటు పోతున్నాయి. డాబా నీళ్లు డ్రైనేజీలోకి, సబ్బునీళ్లు వాన కాల్వలోకి. రెండు తప్పులూ మా ఒక్క ఇంట్లోనే ఉన్నాయి, అదీ సైన్సు టీచరు ఇంట్లో.

డాబా పైపును 2020 వరద తర్వాతే ఇంకుడుగుంతకు తిప్పించాను. తొమ్మిదో నంబరును పోయిన జూన్‌లో ప్లంబర్ని పిలిచి డ్రైనేజీలో కలిపించాను, ఒకపూట పని. మిగతా ఇరవై రెండింటి జాబితా, ఫొటోలు, గోడ మీది నంబర్లతో సహా ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ నడుస్తాం. మీలో ఎవరైనా వస్తానంటే ఇంకో జత గమ్‌బూట్లు మా ఇంట్లో ఉన్నాయి, ఎనిమిదో నంబరు సైజు.

ఇట్లు,
చెరువు కింది కాలనీ నివాసి,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు